వేట బందు

మహారాణిపేటలో మా ల్యాబు రెండో అంతస్తు.
కిటికీ తెరిస్తే కేజీహెచ్ డౌను, ఆటోల హారన్లు,
గాలి ఇటు మళ్ళితే హార్బరు ఎండుచేపల వాసన.

గనగళ్ల కొర్లయ్య, ముప్పై నాలుగు, బోటు డ్రైవరు.
చిన్న డబ్బా అందుకుని
గది ఎక్కడో నన్ను అడగలేక
గోడ మీది క్యాలెండరును అడిగాడు.
లోపల గడియ పడింది.

బయట బెంచీ మీద దేశమ్మ,
ఒళ్ళో ఆరేళ్ళ ఫైలు.
రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, తొమ్మిది స్కానింగులు,
పేరు తప్పుగా పడిన ఒక రక్తపరీక్ష.
అందులో అతని కాగితం ఒక్కటీ లేదు.
ఇదే మొదటిది.

మైక్రోస్కోపు కింద చూశాను.
లెక్కకు తక్కువేం కాదు.
కానీ తలకు తల అతుక్కుని, తోకలు మెలిపడి
ఒడ్డున పడేసిన చిక్కువల.
చుట్టూ తెల్లకణాలు, బరువుగా, గుంపుగా,
తగువు తీర్చడానికొచ్చి
ఇల్లు పీకి పందిరేసే చుట్టాల్లా.
పస్ సెల్స్ అని రాసి పక్కన అంకె వేశాను.
అంకెకు సిగ్గుండదు.

డాక్టరమ్మ రెండోసారి అడిగితే చెప్పాడు, గోడకేసి:
"మంటుండీదమ్మా. రెండేళ్ళయినాది.
యేటకెల్తే పదేను రోజులు ఇంజిను పక్కనే కూకోవాల.
మందులకొట్టోడు నాలుగు బిళ్ళలిచ్చీవోడు,
రెండేసుకుంటే తగ్గిపోయీది.
దానికీ పిల్లలకీ ఏటి సంబందం?"

దేశమ్మ అతన్ని చూడలేదు.
ఫైలుకి రబ్బరుబ్యాండు ఇంకో చుట్టు చుట్టింది.

టెస్ట్‌ట్యూబు ఖర్చెంతో కనుక్కుందామని వచ్చారు వాళ్ళు,
బోటులో వాటా తాకట్టు లెక్క వేసుకుని.
డాక్టరమ్మ ఆ లెక్క పక్కన పెట్టింది.
ముందు కల్చరు. ఇద్దరికీ మందులు, మధ్యలో మానకుండా.
కొత్త కణం తయారవడానికే డెబ్బై రోజులు పైన.
మూణ్ణెల్లాగి మళ్ళీ పరీక్ష.
బాగుపడొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను.

మూణ్ణెల్లా, అని అందరూ ఇక్కడే బేరమాడతారు.
కొర్లయ్య వేళ్ళు మడిచాడు.
"యేట బందు అరవయ్యొక్క రోజులు గదమ్మా.
గుడ్లెట్టీ కాలం, సముద్రాన్నొగ్గీమంతారు.
ఒగ్గీసి కూకుంతాం.
ఇదీ అంతే కామోసు."

అప్పుడంది దేశమ్మ, మొదటి మాట:
"బందుకైతే గవుర్మెంటు డబ్బులిత్తాది.
ఈ ఆరేళ్ళకి నాకెవులిత్తారు?"

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది.

కల్చరు ప్లేటు ఇంక్యుబేటరులో పెట్టి కిటికీలోంచి చూశాను.
కింద ఆటో కోసం నిలబడ్డారు,
మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంతో.
ఫైలు మాత్రం
ఇప్పుడు అతని చేతిలో ఉంది.