కడపటి మేత

నమీబియాలో ఆ గైడు
ఇసకలో కుడూ దుప్పి అడుగు మీద అరచెయ్యి పెట్టి
ఇంకా వెచ్చగుందని తలూపినాడు.
మునిరత్నం తుపాకి సర్దుకున్నాడు.
మదనపల్లె మండీలో టమోటా కలిసొచ్చిన ఏడు దుడ్డంతా
ఆ ఒక్క తూటాలో కూరినాం ఇద్దరం.

పేలింది.
గైడు టోపీ తీసి, ఆకొకటి తుంచి
దాని నోట్లో పెట్టినాడు. కడపటి మేత.
మునిరత్నం ఫోటోకి నవ్వినాడు.
తీసింది నేనే.

కొమ్ముల తల ఇంకా ఓడలోనే ఉందంట.

నిన్న రేత్రి పలమనేరు కాడ
మా తోటలో ఏనుగు దిగింది.
కోతకొచ్చిన కాయంతా ఎర్రటి బురద,
బురదలో చాటంత అడుగు.
ఫోన్లో మునిరత్నం నవ్వతా ఉండాడు:
"తుపాకి తెచ్చేదా మామా?"

వంగి అడుగులో అరచెయ్యి పెట్టినా.
వెచ్చగానే ఉండాది.

నా నోట్లో
ఆకు పసరు.