నో డ్యూస్

లైబ్రరీలో ముప్పై ఎనిమిది రూపాయలు.
వానకి తడిసి ఉబ్బిన కాస్ట్ అకౌంటింగ్ పుస్తకానికి జరిమానా.
కట్టేశాను. సంతకం పెట్టారు.
కంప్యూటర్ ల్యాబుకి బాకీ లేను.
ఆటల గదికి ఏనాడూ వెళ్ళలేదు,
వెళ్ళలేదని కూడా ఎవరో ఒకరు సంతకం చెయ్యాలట.

రెండేళ్ళు, నెల్లిమర్ల నుంచి విజయనగరం,
ఏడూ నలభై బస్సు.
కిటికీ పక్క సీటు నాకెప్పుడూ దొరికేది.
గోగునార ఊరేసిన గుంట వాసన
నా చున్నీలోంచి వస్తోందని
పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.
మొదటి ఏడాది అత్తరు కొన్నాను.
రెండో ఏడాది ఆ డబ్బుతో
పురికొస ఉండలు కొన్నాను.

కాలేజీ పండగకి
నేనూ తవిటినాయుడూ చోడంబలి కొట్టు పెట్టాం.
పక్క కొట్టులో రంగురంగుల ఐసు గోళా.
మేం అమ్మింది పదకొండు గ్లాసులు,
అందులో నాలుగు వాచ్‌మన్‌కి అరువు.
నష్టం నాలుగొందల పన్నెండు.
సాయంత్రం కుండ కడుగుతూ
తవిటినాయుడు సగం డబ్బు తీసి నా చేతిలో పెట్టాడు, మారుమాట లేకుండా.
భాగస్వామ్య చట్టం గురించి నాకు తెలిసిందంతా
ఆ రెండొందల ఆరు.

మిల్లు గేటుకి తాళం పడ్డాక
అయ్య అటు చూడకుండా సైకిలు తొక్కడం నేర్చుకున్నాడు.
అమ్మ దబ్బనం పట్టింది.
ధాన్యం మిల్లువాళ్ళు చిరుగు గోనెలు
ఆటోలో తెచ్చి గుమ్మంలో పడేసి పోతారు,
కుట్టినదానికి రెండు రూపాయలు.
దాన్నే నా ప్రాజెక్టు చేశాను:
పాత గోనెలు మేమే కొని, కుట్టి, మేమే అమ్మడం.
వైవాకి విశాఖ నుంచి వచ్చినాయన అడిగారు,
"మీ సరుకులో ప్రత్యేకత ఏమిటమ్మా?"
"చిరిగితే మళ్ళీ కుట్టుకోవచ్చు సార్."
గదంతా నవ్వింది.
పట్నాయక్ మాస్టారు నవ్వలేదు,
కళ్ళద్దాలు తుడుచుకున్నారు.
ఎ గ్రేడు వచ్చింది.

మొన్న ఒక ఫైనాన్సు కంపెనీ వచ్చింది.
నెలకి పద్నాలుగు వేలు, బండికి పెట్రోలు,
వారం వారం ఆడవాళ్ళ గుంపుల దగ్గర వసూళ్ళు.
తవిటినాయుడు చేరిపోయాడు.
వాడి తప్పు లేదు, చెల్లి నర్సింగు ఫీజు ఉంది.
నాకూ కాగితం ఇచ్చారు.
వాళ్ళ జాబితాలో మా వీధి ఉంది.
సోమవారంలోగా చెప్పమన్నారు.

నిన్న రాత్రి
ప్రాజెక్టు రిపోర్టు అమ్మకి చదివి వినిపించాను.
ఎనిమిదో నెలకి పెట్టుబడి తిరిగొస్తుందన్నాను.
అమ్మ పురికొసని పళ్ళతో తెంపి,
"బాగుందే.
మరి నాకేటిస్తావు గోనికి?
మిల్లోడు రెండిత్తన్నాడు" అంది.

పేజీలు తిప్పాను.
నలభై ఒకటో పేజీ, ఖర్చుల పట్టిక, ఆరో వరస.
కుటుంబ శ్రమ: సున్నా.
నా చేత్తోనే టైపు చేశాను.
ఎవరూ పట్టుకోలేదు,
వైవాకి వచ్చినాయనా, మాస్టారూ, నేనూ.

మూడు రూపాయలని వేసి మళ్ళీ లెక్క కట్టాను.
ఎనిమిదో నెల పంతొమ్మిదో నెలకి జరిగింది.
మూడున్నర వేసి చూద్దామనుకుని
భయమేసి ఆపేశాను.
అమ్మ అప్పటికే పడుకుంది,
దబ్బనం గోనెకే గుచ్చి ఉంచి.

ఇక ఆఖరి బల్ల.
గుమస్తా సూర్యకాంతం గారు
సిరాబిళ్ళ మీద ముద్ర అద్ది,
"ఇంకెవరికీ బాకీ లేవు కదమ్మా?" అన్నారు.
అలవాటుగా అడిగే మాటే.
నా వెనక ఇరవై మంది వరసలో ఉన్నారు.

"ఒకటుంది మేడమ్" అన్నాను.
ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు,
దానికి గడి లేదు.
ముద్ర వేసేశారు.