కోడ్ తొమ్మిది

బొమ్మనహళ్ళిలో రాత్రి రెండున్నర.
అక్కడ, అట్లాంటిక్ ఒడ్డున, సాయంత్రం ఆరు.
కెనడా వాళ్ళు అన్నాలకు కూర్చునే వేళ.
సరిగ్గా నోటిదాకా వచ్చిన ముద్దకు
అడ్డం పడటమే మా ఉద్యోగం.

"నేను దేన్నీ అమ్మడం లేదండీ"
ఇది మొదటి వాక్యం.
దీన్ని నమ్మేలా పలకడం మూడు వారాలు నేర్పించారు.
"కొత్త ప్రభుత్వం పన్నుల ప్రణాళిక మీద మీ అభిప్రాయం.
ఒకటంటే అస్సలు నచ్చలేదు, అయిదంటే చాలా నచ్చింది."
తెలీదన్నా తొమ్మిది, చెప్పనన్నా తొమ్మిది.
మధ్యలో ఆరు, ఏడు, ఎనిమిది ఏమయ్యాయని అడిగితే
సూపర్‌వైజర్ దేచమ్మ ఆవలిస్తూ అంది:
"అవి ఇంకా ఎవరికీ కలగని అభిప్రాయాలు."

సాయంత్రం పడమరకు జరిగే కొద్దీ
మా డయలర్ దాని వెంట నడుస్తుంది,
ఊరు తరవాత ఊరు, దీపాలు వెలిగే వరసలో.

రొయ్యల పడవాయన రెండు అన్నాడు.
ఎందుకండీ రెండు?
"ఒకటే అందామనుకున్నా.
మా అల్లుడు వాళ్ళకే ఓటేశాడు, పక్కనే తింటున్నాడు."

స్కూలు బస్సు నడిపే ఆవిడ
తగ్గే పన్నును నాకు వినబడేలా లెక్కేసింది.
నెలకొకసారి జుట్టు కత్తిరించుకునేంత మిగులుతుందట.
"నాలుగు రాసుకో. నా జుట్టెలాగూ పొట్టిదే."

ఇంకొకాయన మొదలుపెడితే ఆపలేదు.
పన్ను తగ్గిస్తారు, ఇళ్ళు కడతారు, వంతెనలు వేస్తారు,
అప్పు కూడా తీరుస్తారు,
అన్నీ ఒకే పర్సులోంచా?
అని వాళ్ళ భాషలో ఏదో సామెత విసిరాడు.
నాకు మాత్రం హిందూపురంలో మా చీటీల సుందరమ్మ గొంతుతో
అప్పుచేసి పప్పుకూడు అని వినబడింది.
వివరాల గడిలో నూట నలభై అక్షరాలు పడతాయి.
ఆ మాట పట్టదు.
'ఖర్చులపై ఆందోళన' అని కుదించి
కోడ్ పద్నాలుగు నొక్కాను.

నాలుగున్నరకు ఒక ముసలావిడ.
ప్రశ్న మొత్తం విని, కాసేపు ఆగి,
"నువ్వేమనుకుంటున్నావు అమ్మాయీ?
మీ దగ్గరెంత పన్ను?" అంది.

దీనికీ వాక్యం ఉంది:
నా అభిప్రాయం ముఖ్యం కాదండీ.
చదివాను.
అటువైపు 'అయ్యో' లాంటిదేదో వినబడింది.

జీతం చీటీలో వృత్తి పన్ను రెండు వందలు, అది తెలుసు.
సబ్బులో ఎంత, బిస్కెట్లో ఎంత,
ఫోన్ రీఛార్జిలో ఎంత పోతోందో
ఎప్పుడూ లెక్కేయలేదు. ఎవరూ
అన్నం వేళ ఫోన్ చేసి అడగనూ లేదు.
చెప్పేదాన్నే. కానీ కాల్ రికార్డవుతోంది.
"చలిగా ఉందాండీ అక్కడ?" అన్నాను.
అది స్క్రిప్టులో లేదు, ఒక మార్కు కోత.
చలిగానే ఉందట. ఆమెకు తొమ్మిది వేశాను.

ఆరున్నర. అద్దాల మీద ఎండ.
పడమటి తీరంలో ముప్పై అయిదేళ్ళలోపు మగవాళ్ళు
ఇంకా ఇద్దరు తక్కువన్నారు.
ఒకడు దొరికాడు. అన్నిటికీ మూడు, మూడు, మూడు.
రెండోవాడు ఈ దేశంలో ఎవడూ ఎత్తలేదు.

కింద నంజప్ప బండి పలక మీద
పన్నెండు చెరిపేసి పదిహేను రాసి ఉంది.
సుద్దముక్క పొడి ఇంకా అంచునే ఉంది.
ఆటో ఆయన పలక చూశాడు, నంజప్పను చూశాడు,
చిల్లర లెక్కపెట్టి, ఊది ఊది తాగి వెళ్ళాడు.
కొత్త ధర మీద ప్రజాభిప్రాయం అంతే.

నాకేం పుట్టిందో,
"ఒకటి నుంచి అయిదు వరకు చెప్పు నంజప్పా" అన్నాను.
ఎన్ని టీలో అనుకున్నాడు.
అయిదు గ్లాసులు వరసగా పెట్టి పోయడం మొదలెట్టాడు.
ఆపేలోపు మూడు నిండాయి.

ఒకటి నేను తాగాను.
ఒకటి గేటు దగ్గర సెక్యూరిటీ అతనికిచ్చాను,
ఎందుకని కూడా అడగలేదు.
మూడోది దేచమ్మ తాగింది.
చక్కెర ఎక్కువంది, ధర ఎక్కువంది,
అయినా ఖాళీ చేసింది.

రెండు రాసుకున్నాను.