నిచ్చెనక్క

మౌలాలిలో రెండో అంతస్తు. రాత్రి తొమ్మిదిన్నర.
కింది వాటా నౌషీన్ చెప్పులు గుమ్మంల విడిచి
నాకంటే ముందు నా కుర్చీల కూసుంటది.
"ఆంటీ, మళ్ళ కంచె పడగొట్టింది."

పడగొట్టదా మరి.
ముప్పై అడుగుల మెడకు
అరెకరం దొడ్డి కట్టినం,
టికెట్ల గల్లా పక్కనే, వచ్చే జనానికి కనపడాలె అని.
నాకు పగటి అలవాటు పోదు.
హబ్సిగూడ ఆఫీసుల లేఅవుట్లు గీస్త,
నూటయాభై గజాల ముక్కలు.
పార్కు అని పచ్చరంగు నింపిన మూల
ఏ టేబుళ్ళ మీద తిరిగొస్తదో గాని
వచ్చిన ప్రతిసారీ ఒక వేలెడు సన్నబడి వస్తది.

నిచ్చెనక్క అని పేరు పెట్టింది నౌషీనే.
బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద చింతపండు చారలు.
ఆకు తప్ప ఇంకోటి ముట్టదు.
అదీ కింద పోస్తే వంగదు,
పెళ్ళి పిలుపు ఆలస్యంగ అందిన మేనత్త లెక్క
తల అటు తిప్పుకుంటది.
దాని విస్తరి చెట్టు కొసకు ఉండాలె.

చెట్లు నాటినం. అడవే నాటినం.
చెరువు తవ్వినం.
ఇక్కడ చెరువుకు ఎవరి సంతకం అక్కర లేదు,
మౌస్ నొక్కిపడితే నీళ్ళు వాటంతటవే ఊరుతయి.
వాళ్ళ అబ్బ ట్యాంకర్ నడుపుతడు.
నీళ్ళు ఊరేటప్పుడల్లా ఆ పిల్ల
ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వుతది.

అయినా తెర మూలకు ఎర్రగీత దిగుతనే ఉన్నది.
ఆకలి లేదు. దూప లేదు. జ్వరం లేదు.
డాక్టర్ జీపు మూడుసార్లు వచ్చిపోయింది.
ఇంకేమైంది దీనికి, అన్న.
"అకేలీ హై," అన్నది నౌషీన్,
తెర మీంచి కన్ను తీయకుండ.
ఇంట్ల ఫ్రిజ్ చప్పుడు ఒక్కసారి పెద్దగ వినపడ్డది.

గల్లాల ఉన్నదంత ఊడ్చి ఇంకోదాన్ని తెప్పించినం.
హెలికాప్టర్ కింద, వలల,
నిద్రమత్తుల మెడ వేలాడేసుకొని దిగింది.
పార్కు అప్పులపాలైంది.
ఐస్‌క్రీం బండ్లు మూతపడ్డయి, దీపాలు సగం ఆరినయి,
జనం తిట్టుకుంట గేటు దాటిన్రు.
ఆ ఖాళీ పార్కుల, మసక వెలుగుల
రెండూ చెరువు దాక నడిచి
మెడ మీద మెడ వేసుకొని నిలబడ్డయి.
మేమిద్దరం పన్నెండు దాక చూసినం, ఏమీ నొక్కలేదు.
కింద నుంచి వాళ్ళ అమ్మ మూడుసార్లు పిలిచింది.

ఆదివారం నౌబత్ పహాడ్ ఎక్కినం.
మ్యూజియంల ఉన్నది అసలుది.
గోదారి ఒడ్డున, యామన్‌పల్లి మట్టిల
ఇంత కాలం పండుకొని లేచిన ఎముకలు.
నౌషీన్ మెడ వెనక్కి వంచి వంచి చూసింది.
"దీనికి గీత ఏది ఆంటీ?"
నాకు తెల్వదు.
ఫ్యాన్ కింద కూసున్న వీరేశం సారు
అడగకుండనే చెప్పిండు:
ఇది ఒక్కదాని బొక్కలు కాదమ్మా.
ఒకదాని తొడ, ఇంకోదాని పక్కటెముక,
తక్కువల తక్కువ పన్నెండింటివి కలిపి నిలబెట్టిన్రు.
తల మాత్రం దొరకలే. అది మనం అనుకొని చేసింది.

తల సంగతి ఆ పిల్ల పట్టించుకోలే.
వేళ్ళు ముడిచి ముడిచి లెక్కపెట్టింది,
వేళ్ళు చాలక నా చేయి గుంజుకొని రెండు వేళ్ళు ముడిచింది.
"బారా," అన్నది. "ఫిర్ ఠీక్ హై."
ఇంక దాని దిక్కు చూడలే,
సమోసా ఎక్కడ అమ్ముతరని అడిగింది.

వచ్చేటప్పుడు ఆటోల, సీతాఫల్‌మండి దాటినంక
నిద్రపోయింది.
మెడ నా భుజం మీద వాలింది.
ఇంత చిన్న మెడకు అంత బరువు ఎక్కడిదో.
ముందు మీటర్ల ఎర్ర అంకెలు ఎక్కుతున్నయి.
ఎక్కనీ.