రెక్క విరిగినట్టు

దొర రాత చిన్నదైపోయింది.
ఒకప్పుడు పుటకి పన్నెండే వరుసలు,
మధ్యలో కప్ప బొమ్మో, కొంగ గోటి కొలతో.
ఇప్పుడు చీమలబారు. కుడివైపుకి జారుతూ జారుతూ
కాగితం అంచున ఒక్కో చీమ కిందికి పడిపోతోంది.

సూళ్లూరుపేట తపాలా కచేరీకి
రెండు నెలలకో కవరు.
సరుగుడు కట్టెల కోసం మద్రాసు నుంచి
ఖాళీగా తోసుకొచ్చే కాలువ పడవలో వస్తుంది.
మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని అంటుంది:
"మందు వాసన. ఆయనకి ఒంట్లో బాగాలేదు."

ఏం అడుగుతాడు?
వేనాడు దారి మీదికి నీళ్ళెక్కాయా?
రాజహంసలు ఏ నెలలో దిగాయి?
బంగళా పైకప్పులో గబ్బిలాలు ఇంకా ఉన్నాయా, ఎన్ని?
ముప్ఫై ఏళ్ళ కింద ఓడెక్కినవాడికి
మన గబ్బిలాల లెక్క దేనికని పోస్టుమాస్టరు నవ్వుతాడు.
నేను నవ్వను.
నా పిల్లలు ఆ లెక్కల మీదే పెరిగారు.

ఈసారి లెక్కల్లేవు.
"మున్షీ, నా పుస్తకంలో ఉల్లంకి సంగతి రాశాను.
గుడ్ల వైపు మనిషి వస్తే తల్లి
రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ
అతణ్ణి దూరంగా తీసుకుపోతుందని.
'నేను గమనించాను' అని రాశాను.
గమనించలేదు. ఆ రోజు నాకు చలిజ్వరం,
డోలీలో కళ్ళు మూసుకుని ఉన్నాను.
ఎవరో చెప్పారు. ఎవరు?
పుస్తకం మళ్ళీ అచ్చవుతోంది. పేరు పంపు.
నాకు వ్యవధి తక్కువ."

ఎవరో నాకు తెలుసు.
చెంబేటి పోలిగాడు.
చెప్పడం కూడా కాదు, చేసి చూపించాడు:
ఎడమ చెయ్యి వేలాడేసి, కుంటుతూ, కీచుమంటూ
ఉప్పు పర్ర మీద యాభై అడుగులు.
డోలీ దించిన బోయీలు నవ్వుతూ వెంటపోయారు.
చటుక్కున రెండు చేతులూ చాపి నిలబడ్డాడు,
ఎగరబోతున్నట్టు.

ఆ రాత్రి లాంతరు కింద
దొర కోసం ఇంగ్లీషులో రాసిపెట్టాను:
గమనించడమైనది.
కర్త లేని వాక్యం. నెల్లూరు కచేరీలో నేర్చిన విద్య.
యానాది పేరు పడితే కాగితం మాసిపోతుందనుకున్నానో,
ఆ ఖాళీలో నేనే దూరి కూర్చోవచ్చనుకున్నానో,
ఇన్నేళ్ళకి ఏది నిజమో చెప్పలేను.
ఖాళీలో దొర కూర్చున్నాడు.

ఉత్తరం మడిచి అటకానితిప్పకి పోయాను.
పోలయ్య ఊత అల్లుతున్నాడు. ఒక కంటికి పాలపొర.
"ఆ ఎర్రమీసాల సామి ఇంకా ఉండాడా?
చచ్చిన ఎలకని తోకతో గూడా కొలిచే సామి?"
చెప్పాను. పుస్తకం, అచ్చు, పేరు.
వెదురుబద్ద గీస్తూ చాలాసేపు ఉండిపోయాడు.
"నేను కనిపెట్టిందేముండాది సామీ.
మాయమ్మ చూపిచ్చింది. మాయమ్మ పేరు రాయి.
పుల్లమ్మ."
ఊత తిప్పి ఇంకో వరుస అల్లాడు.
"నాది గూడా రాయి.
పక్కన. సిన్నగా."

ఇప్పుడు కలం ముంచి కూర్చున్నాను.
పుల్లమ్మ. ఆమె కొడుకు పోలయ్య.
అచ్చువాడు తప్పుపోకుండా
ఒక్కో అక్షరం విడదీసి రాశాను.

ఇక దాని కింద ఒక్క వాక్యం మిగిలింది,
నా వాక్యం. దానికి కర్త ఉండాలి.
మూడుసార్లు మొదలుపెట్టాను.
వేనాడు దారి మునిగింది దొరా, అని రాశాను.
రాజహంసలు ఆశ్వయుజంలోనే దిగాయి.
గబ్బిలాలు నలభై దాకా, చీకట్లో సరిగా లెక్కకి రాలేదు.
గుడ్ల దగ్గర్నుంచి దూరంగా, ఇంకా దూరంగా,
ఒక పక్కకి ఒరిగి
కుంటుకుంటూ పోతోంది కలం.

తెల్లవారుజామున పడవ.