తెంపుల గీత

గోధుమరంగంటే కొండ, పసుపంటే ఇసుక,
నల్లచుక్క బావి. ఇంతవరకూ బాగానే ఒప్పుకున్నారు.
ఆకుపచ్చ దగ్గరే మా గోబీ పిల్లలకి అనుమానం:
"ఇంత గడ్డి ఎవరిది టీచర్?"

తెమూలెన్ వేలు నీలిగీత వెంట నడిచి నడిచి
ఆగింది.
"ఇక్కడ సిరా అయిపోయిందా?"

కాదురా, వానలకి మాత్రం వచ్చే ఏరది.
మిగతా నెలలన్నీ గులకరాళ్లే.
అందుకే తెంపి తెంపి గీస్తారు,
లేదని కాదు.

సాయంత్రం, వాడు గీసిన ఇంటి పటం:
గుడారానికి గుండ్రం, ఒంటెకి రెండు మూపురాలు,
అమ్మకి నిండుగీత.
సరిహద్దుకి బొగ్గు లారీ తోలే నాన్న
నీలం పెన్సిల్‌తో, తెంపులు తెంపులుగా
కాగితం అంచుదాకా.

మూలన స్కేలు కూడా రాశాడు,
ఆ పాఠం నేనింకా చెప్పనేలేదు:
ఒక ఖాళీకి మూడు వారాలు.