మూరెడు మంచు

ఔలులో జనవరి. సున్నాకు ఇరవై ఆరు డిగ్రీలు కింద.
మా వీధి కార్లన్నీ
స్తంభాలకు పలుపుతాళ్ళతో కట్టేసిన గొడ్లలా
రాత్రంతా నిలబడి కరెంటు తాగుతుంటాయి,
తెల్లారి లేచి
పెట్రోలు తాగే ఓపిక కోసం.

నాదీ అంతే.
రెండు గంటలు ఇంజను కాచి
పది నిమిషాలు అద్దం మీద మంచు గీకి
కిలోమీటరున్నర దూరంలోని కొట్టుకి
ఆరు నిమిషాల్లో చేరేవాణ్ణి.
దాని ఒంట్లోకి వెచ్చదనం పాకే వేళకి
తాళం తిప్పి ఆపేసేవాణ్ణి.
పాల డబ్బా, నల్లరొట్టె, ఒక్కోసారి ఉత్త అగ్గిపెట్టె.
ఒక్క అగ్గిపెట్టె కోసం ఎంత అగ్గి తగలేశానో!

ఎదురింటి హిల్కాకు డెబ్బై మూడు.
ఆమె బండి అంటే ఒక కుర్చీ,
దాని కింద రెండు పొడవాటి ఇనుప పట్టీలు.
పట్టీ మీద ఒక కాలు, రెండో కాలితో నేలకి ఒక తన్ను.
అంతే. తన్నుబండి.
కుర్చీలో బంగాళాదుంపలు, కొన్నాళ్ళు మనవడు,
ఒకసారి కుట్టుమిషను.
"దీనికి ఏ నూనె పోస్తావు?" అని వేళాకోళమాడితే
"పొద్దున తిన్న గంజి" అంది, ఆగకుండానే.

ఒక సోమవారం నా ప్లగ్గు కాలిపోయింది.
కారు కొయ్యబారింది. ఇంట్లో పాలు లేవు.
చేతొడుగులు వేసుకోడానికి అరనిమిషం,
ఆమె తలుపు తట్టడానికి అరగంట.

మొదటి తన్నుకి నేను పడ్డాను.
రెండో తన్నుకి బండి నన్నొదిలి వెళ్ళింది.
మూడో తన్నుకి
వీధి కదిలింది. బర్చ్ చెట్లు వెనక్కి నడిచాయి.
నా ఊపిరి తెల్లగా ముందు పోతుంటే
దాని వెంట నేను.

మలుపు తిరగ్గానే కర్రుమని ఆగింది.
మున్సిపాలిటీ లారీ చల్లిన కంకర!
ఇనుముకి మంచు కావాలి, రాళ్ళు కాదు.
అక్కణ్ణించి కొట్టు దాకా
బండి నా భుజమెక్కి ఊరేగింది.

అప్పుడు తెలిసింది
హిల్కా ఏటా శరత్కాలంలో
మున్సిపాలిటీ మెట్లెందుకు ఎక్కుతుందో.
"రోడ్డంతా కంకర పోసుకోండి.
అంచున మూరెడు మంచు మాత్రం నాకొదిలేయండి."
పదకొండేళ్ళుగా వాళ్ళు
కాఫీ ఇచ్చి పంపేస్తున్నారు.
ఈసారి కాగితం కింద రెండో సంతకం నాది.
కాఫీ కూడా రెండు కప్పులొచ్చాయి.
జవాబు రాలేదు.

కానీ నిన్న వేకువన కిటికీలోంచి చూశాను.
లారీ నడిపే వేయ్యో మా వీధి మొదట్లో దిగి
అటూ ఇటూ చూసి
కుడివైపు గొట్టాన్ని చేత్తో మూసేశాడు.
ఎవరి ఉత్తర్వూ లేదు.
వాళ్ళమ్మకీ ఒక తన్నుబండి ఉందేమో, నేనడగలేదు.
లారీ వెళ్ళాక రోడ్డు అంచున
సన్నగా, దీపాల కింద మెరుస్తూ
మూర కంటే కొంచెం తక్కువే.

కారు అమ్మలేదు, అబద్ధమెందుకు.
చెల్లెలి ఊరు రెండు వందల కిలోమీటర్లు.
స్తంభానికి వేలాడే తాడు కొసన మాత్రం
ఈ ఏడు మంచు గడ్డం పెరిగింది.

మాటల్లో పడి చూసుకోలేదు,
అగ్గిపెట్టె అయిపోయింది.
ఇదిగో, ఇప్పుడే వస్తా.